విడిభాగం దొరకకపోతే? ఎలక్ట్రానిక్ ఉత్పత్తుల్లో రెండో తయారీదారు ఎంపిక

కోయంబత్తూరు, హోసూరు, బెంగళూరు పీణ్య, పుణె భోసరి ప్రాంతాల్లో చిన్న, మధ్య తరహా తయారీ యూనిట్లు చాలా ఉన్నాయి. వాటిని నడిపేవారిలోనూ, వాటిలో డిజైన్, కొనుగోలు పనులు చూసేవారిలోనూ మన తెలుగువాళ్లు ఉన్నారు. కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లోనే దేశీయంగా విద్యుత్ మోటారు తయారు చేశారు. ఆ తర్వాత ఆ ఊరు మోటార్లకు, పంపుసెట్లకు పేరు తెచ్చుకుంది. ఇప్పుడు పంపుసెట్టు పక్కన ఒక ఎలక్ట్రానిక్ బోర్డు కూడా చేరింది. రైతు ఇంటి నుంచే ఫోన్ చేసి మోటారు ఆన్ చేసుకునే మొబైల్ స్టార్టర్ అది.

ఇలాంటి బోర్డులో వంద విడిభాగాలు ఉన్నా, ఒక్కటి దొరకకపోతే మిగతా తొంభై తొమ్మిదీ డబ్బాల్లో ఉండిపోతాయి. అలా జరగకుండా డిజైన్ దశలోనే ఏం చూసుకోవాలో ఈ మొబైల్ స్టార్టర్‌నే ఉదాహరణగా తీసుకుని వివరిస్తున్నాం.

సెకండ్ సోర్స్ అంటే ఏమిటి?

ఒక కంపెనీ చేసే విడిభాగం స్థానంలో, బోర్డు మార్చకుండా పెట్టగలిగే మరో కంపెనీ విడిభాగాన్ని సెకండ్ సోర్స్ అంటారు. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, ముంబై లామింగ్టన్ రోడ్డులోనో రెండు దుకాణాల్లో ఒకే కంపెనీ సరుకు దొరికితే అది సెకండ్ సోర్స్ కిందికి రాదు. ఫ్యాక్టరీ ఆగితే రెండు దుకాణాలూ ఒకేసారి ఖాళీ అవుతాయి.

ఈ పద్ధతి పాతదే. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌కు ఇంటెల్ 8088 ప్రాసెసర్‌ను ఎంచుకుంది. ఒకే సరఫరాదారుపై ఆధారపడటం ఐబీఎంకు ఇష్టం లేదు. దాంతో ఇంటెల్ 1982లో ఏఎండీతో ఒప్పందం చేసుకుంది, ఏఎండీ కూడా ఆ చిప్‌లను తయారు చేసింది. 1985లో 386 చిప్ వచ్చేసరికి ఇంటెల్ ఆ హక్కు ఏఎండీకి ఇవ్వలేదు. కోర్టు తగాదాల మధ్య ఏఎండీ సొంత 386 మార్కెట్లోకి వచ్చింది 1991లో. ఈరోజు రెండో తయారీదారు ఉన్నాడు కదా అని తర్వాతి తరం చిప్‌కూ ఉంటాడని అనుకోవద్దని ఈ చరిత్ర చెబుతోంది.

కొరత ఎక్కడి నుంచి వస్తుంది?

కారణాలు మన చేతుల్లో ఉండవు. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెఒకాలో ఏకేఎం చిప్ ఫ్యాక్టరీ కాలిపోయింది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వల్ల అమెరికాలోని ఆస్టిన్‌లో శాంసంగ్, ఎన్ఎక్స్‌పీ, ఇన్ఫినియన్ ఫ్యాక్టరీలకు కరెంటు పోయింది. అదే ఏడాది మార్చి 19న జపాన్‌లోని నకాలో రెనెసాస్ ఫ్యాక్టరీలో మంటలు చెలరేగాయి. అప్పటికే కోవిడ్ కారణంగా గిరాకీ, సరఫరా తారుమారై ఉన్నాయి. 2021 సెప్టెంబరులో హర్యానా, గుజరాత్‌లలో తమ ఉత్పత్తి మామూలులో 40 శాతమే ఉండవచ్చని మారుతి సుజుకి ప్రకటించింది. అంత పెద్ద కొనుగోలుదారుకే చిప్ దొరకనప్పుడు, నెలకు వెయ్యి బోర్డులు చేసే యూనిట్ క్యూలో ఎక్కడ ఉంటుందో ఊహించవచ్చు.

ఇద్దరు తయారీదారులున్నా సరిపోని సందర్భాలూ ఉన్నాయి. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ ప్లాంటులో పేలుడు జరిగింది. చిప్‌ల పైన ఉండే నల్లటి పూత తయారీకి వాడే ఎపాక్సీ రెసిన్‌లో ప్రపంచానికి కావాల్సిన దానిలో సగానికి పైగా అక్కడే తయారయ్యేది. చిప్ కంపెనీలు వేర్వేరైనా అందరి ముడిసరుకూ ఒకే చోటి నుంచి రావడంతో మెమరీ చిప్‌ల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. రెండో తయారీదారును వెతికేటప్పుడు కంపెనీ పేరుతో పాటు ఆ చిప్ ఏ దేశంలో, ఏ ఫ్యాక్టరీలో తయారవుతుందో కూడా అడగాలి.

జాబితాను మూడుగా విడగొట్టండి

మొబైల్ స్టార్టర్ బోర్డు విడిభాగాల జాబితాను ముందు పెట్టుకుని మూడు గుంపులు చేయవచ్చు.

మొదటిది, చాలా కంపెనీలు చేసేవి. రెసిస్టర్లు, 1ఎన్4007 డయోడ్, ఎల్ఎం358, 7805 రెగ్యులేటర్, రిలేలను నడిపే యూఎల్ఎన్2003, షుగర్ క్యూబ్ రిలే ఈ కోవలోవి. 1972లో సిగ్నెటిక్స్ విడుదల చేసిన 555 టైమర్ ఇన్నేళ్ల తర్వాత కూడా అనేక కంపెనీల పేర్లతో దొరుకుతోందంటే కారణం ఇదే. పని జరిగేటట్లయితే వీటినే ఎంచుకోవడం మేలు.

రెండోది, కాళ్లు సరిపోతాయి గానీ లోపల తేడా ఉండేవి. మైక్రోకంట్రోలర్లు, కొన్ని రెగ్యులేటర్లు, సెరామిక్ కెపాసిటర్లు ఇందులోకి వస్తాయి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

మూడోది, ఒక్క కంపెనీ మాత్రమే చేసేవి. మొబైల్ నెట్‌వర్క్ మాడ్యూల్, ప్రత్యేక కొలత చిప్, డిస్‌ప్లే ఇలాంటివి. మాడ్యూల్ విషయంలో నెట్‌వర్క్‌నూ చూడాలి. జియోకు 2జీ సేవ లేదు కాబట్టి 2జీ మాడ్యూల్ ఎంత చవకగా దొరికినా రైతు పొలంలో ఏ సిమ్ పనిచేస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

నంబరు ఒకటే, భాగం వేరు

డేటాషీట్ మొదటి పేజీ చూసి సరే అనుకోవడం ప్రమాదం. బాగా తెలిసిన నాలుగు తేడాలు చెబుతాం.

ఒకటి, కాళ్ల వరస. బీసీ547, 2ఎన్3904 రెండూ చిన్న ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లే. చదునైన ముఖం మన వైపు పెట్టుకుంటే మొదటిదానికి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. రెండోదానికి సరిగ్గా ఎదురు వరస. పేర్లు దాదాపు ఒకటిగా ఉన్న పీఎన్2222, పీ2ఎన్2222ఏ మధ్య కూడా ఇదే తేడా ఉంది.

రెండు, రెగ్యులేటర్ కోరే కెపాసిటర్. ఎల్ఎం1117 స్థిరంగా పనిచేయాలంటే దాని అవుట్‌పుట్ కెపాసిటర్‌కు కొంత అంతర్గత నిరోధం ఉండాలి. డేటాషీట్ ప్రకారం 0.3 నుంచి 22 ఓమ్‌ల మధ్య. సెరామిక్ కెపాసిటర్‌లో అది చాలా తక్కువ. సెరామిక్‌తో బాగా నడిచే వేరే కంపెనీ 1117 చుట్టూ బోర్డు గీసి, కొరత వచ్చాక దీన్ని పెడితే వోల్టేజీ ఊగిసలాడవచ్చు.

మూడు, కెపాసిటర్ అసలు విలువ. పైన 10 మైక్రోఫారడ్, ఎక్స్7ఆర్ అని ఉన్న సెరామిక్ కెపాసిటర్ మీద డీసీ వోల్టేజీ పడితే విలువ తగ్గుతుంది. చిన్న సైజు భాగాన్ని దాని పరిమితికి దగ్గరగా వాడితే సగానికి పైగా కూడా పోవచ్చు. ఎంత తగ్గుతుందన్నది కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి రెండు కంపెనీల వోల్టేజీ గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూడాలి.

నాలుగు, మైక్రోకంట్రోలర్ వేగం. ఎస్‌టీ కంపెనీ ఎస్‌టీఎం32ఎఫ్103 దొరకని రోజుల్లో చాలామంది గిగాడివైస్ జీడీ32ఎఫ్103 వైపు వెళ్లారు. రెండింటిలోనూ కార్టెక్స్-ఎం3 కోర్ ఉంది, కాళ్లు సరిపోతాయి. అయితే మొదటిదాని గరిష్ఠ వేగం 72 మెగాహెర్ట్జ్, రెండోదానిది 108. ఫ్లాష్ మెమరీ నుంచి ప్రోగ్రామును చదివే తీరు కూడా వేరు. ఖాళీ లూపులు తిప్పి సమయం లెక్కించే ప్రోగ్రాము రెండో చిప్ మీద అదే వేగంతో నడవదు. సమయాన్ని టైమర్‌తో లెక్కించేలా మొదటి నుంచీ రాసుకుంటే ఈ చిక్కు ఉండదు.

బోర్డు గీసేటప్పుడే చోటు ఉంచాలి

కొరత మొదలయ్యాక రెండో భాగం కోసం వెతికితే బోర్డు మళ్లీ గీయాలి, మళ్లీ పరీక్షించాలి. ఆలోగా దొరికే ఆ రెండో భాగమూ అయిపోతుంది. మొదటి రోజే చేసుకుంటే ఖర్చు కొద్ది గంటల డిజైన్ పని మాత్రమే.

రెండు సైజుల కెపాసిటర్లు పట్టేలా ప్యాడ్లు గీయవచ్చు. కాళ్ల వరస వేరుగా ఉన్న రెండు భాగాల కోసం దారులు గీసి, జీరో ఓమ్ రెసిస్టర్‌తో ఏది కావాలో ఎంచుకునేలా పెట్టవచ్చు. నెట్‌వర్క్ మాడ్యూల్‌ను చిన్న విడి బోర్డు మీద ఉంచి కనెక్టర్‌తో కలిపితే, మాడ్యూల్ మారినప్పుడు ఆ చిన్న బోర్డు మాత్రమే మారుతుంది. రేడియో ఉన్న భాగం మారితే అనుమతుల పత్రాలు కూడా మళ్లీ చూసుకోవాలని మరవద్దు. ప్రోగ్రాములో చిప్‌కు సంబంధించిన భాగాన్ని విడిగా ఉంచి, మోటారును నడిపే తర్కాన్ని దానితో కలపకుండా రాస్తే చిప్ మార్చడం తేలిక.

కాగితం మీద సరిపోయిందని ఆగకూడదు. పైలట్ లాట్‌లో కొన్ని బోర్డులను రెండో భాగంతోనే కట్టి, ఎండలో కాగిన స్టార్టర్ పెట్టెలో, లో వోల్టేజీలో నడిపి చూడాలి. నెగ్గినవాటినే ఆమోదించిన తయారీదారుల జాబితాలో చేర్చాలి. కొనుగోలు విభాగం ఆ జాబితా దాటి కొనకూడదు.

ఎంతవరకు చేయాలి?

ప్రతిదానికీ ప్రత్యామ్నాయం పెట్టడమూ తప్పే. మూడు కీలక భాగాలకు రెండేసి చొప్పున పెడితే ఎనిమిది రకాల బోర్డులు తయారవుతాయి. అన్నింటినీ పరీక్షించాలి, రిపేరుకు వచ్చిన బోర్డులో ఏది ఉందో గుర్తుపట్టాలి.

కొన్నిచోట్ల నిల్వే మంచి దారి. నెలకు 1,000 బోర్డులు, చిప్ ధర 120 రూపాయలు, ఆర్డరిచ్చాక రావడానికి 26 వారాలు అనుకుందాం. ఆ ఆరు నెలలు గట్టెక్కడానికి 6,000 చిప్‌లు, అంటే 7.2 లక్షల రూపాయలు కావాలి. ఆ డబ్బు చిక్కుకుపోతుంది గానీ, చిప్ వాడే కొద్దీ తిరిగి వస్తుంది. ప్రోగ్రామును రెండో చిప్‌కు మార్చడానికి ఇంజనీర్లకిచ్చే జీతం తిరిగి రాదు, కానీ ఆ రక్షణ ఆరు నెలలతో అయిపోదు. ఉత్పత్తి ఇంకా ఐదారేళ్లు నడుస్తుందంటే రెండో చిప్, ఏడాదిలో కొత్త మోడల్ వస్తుందంటే నిల్వ అని స్థూలంగా చెప్పుకోవచ్చు. మూడు రూపాయల భాగం వల్ల కూడా బోర్డు మొత్తం ఆగుతుంది కాబట్టి ధర చూసి ప్రాధాన్యం నిర్ణయించకూడదు.

తయారీ ఆపేస్తామని నోటీసు వస్తే

చిప్ కంపెనీలు ఒక భాగాన్ని ఆపే ముందు నోటీసు ఇస్తాయి. చివరి ఆర్డరుకు ఆరు నెలలు, చివరి డెలివరీకి ఏడాది గడువు ఇవ్వడం పరిశ్రమలో ఆనవాయితీ. అంతకుముందే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ భాగం పక్కన కొత్త డిజైన్లకు సిఫార్సు చేయడం లేదన్న గుర్తు కనిపిస్తుంది. అది ఉన్న భాగాన్ని కొత్త బోర్డులో పెట్టకూడదు. కొన్ని కంపెనీలు ఎంపిక చేసిన చిప్‌లను 10, 15 ఏళ్లపాటు సరఫరా చేస్తామని ముందే ప్రకటిస్తాయి. ఆ జాబితా చూసి ఎంచుకోవడం మంచిది. ఈ నోటీసులు అధీకృత డీలర్ల ద్వారా కొన్నవారికే నేరుగా అందుతాయి. రోడ్డు మీది దుకాణంలో కొంటే ఎవరూ చెప్పరు.

కొరతలో నకిలీలు

భాగం దొరకని రోజుల్లో ఎవరో ఒకరు మా దగ్గర ఉందంటారు. పాత బోర్డుల నుంచి ఊడదీసినవి, పైన అచ్చు చెరిపి కొత్త నంబరు వేసినవి అప్పుడే ఎక్కువగా తిరుగుతాయి. 2014లో యూఎస్‌బీ చిప్‌ల కంపెనీ ఎఫ్‌టీడీఐ కొత్త డ్రైవర్ విడుదల చేసింది. అది విండోస్ అప్‌డేట్ ద్వారా కంప్యూటర్లకు చేరి, నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చేసింది. తమ పరికరంలో ఉన్నది నకిలీ అని తెలియనివారి పరికరాలు కూడా పనిచేయడం మానేశాయి. విమర్శలు రావడంతో కంపెనీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. తప్పనిసరై బయట కొంటే, ముందు కొన్ని నమూనాలు పరీక్షించి, డేట్ కోడ్, బ్యాచ్ నంబరు రాసి పెట్టుకోవాలి.

డిజైన్ ముగించే ముందు అడగాల్సినవి

• ఈ జాబితాలో ఒక్క కంపెనీయే చేసే భాగాలు ఏవి? అవి తప్పనిసరా?
• రెండో భాగంతో బోర్డు కట్టి నడిపి చూశామా?
• ఇద్దరు తయారీదారుల సరుకూ ఒకే ఫ్యాక్టరీ నుంచి రావడం లేదు కదా?
• రెండో భాగం లేని చోట ఎన్ని నెలల నిల్వ ఉంది?
• ఏ సీరియల్ నంబరు బోర్డులో ఏ కంపెనీ భాగం ఉందో రాసి పెడుతున్నామా?
• ఐదేళ్ల తర్వాత రిపేరుకు వస్తే ఇవ్వడానికి భాగాలు ఉంటాయా?

చివరి ప్రశ్నను చిన్న యూనిట్లు ఎక్కువగా వదిలేస్తుంటాయి. స్టార్టర్ పాడైన రైతుకు చిప్ కొరత గురించి చెప్పి లాభం లేదు. పైరుకు ఆ వారం తడి అందాలి. బోర్డు బాగుచేసి ఇవ్వగలిగిన యూనిట్ దగ్గరే ఆయన తర్వాతి స్టార్టర్ కొంటాడు.