తోడు ప్రోగ్రాముల వెదకులాట

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను గణకయంత్రము 1949 మే 6వ తేదీన మొదటి ప్రోగ్రామును నడిపినది. వర్గమూలము, సైను విలువ వంటివి అనేక ప్రోగ్రాములకు కావలసియుండును. ప్రతివారును వానిని మరల మరల వ్రాయుట వృథాప్రయాస. అందుచే విల్క్స్, వీలర్, గిల్ మున్నగువారు అట్టి ఉపప్రోగ్రాములను కాగితపు టేపులపై పొడిపించి ఉక్కు బీరువాలో ఉంచినారు. 1951 నాటికి అవి 87 అయినవి. కావలసిన టేపును తీసి, తన టేపుపైకి నకలు చేసికొనుటతో పని తీరెడిది.

బీరువా లోకమంత పెరిగినప్పుడు చిక్కు వచ్చినది. 1993లో ఆరంభమైన డెబియన్ వారు లినక్స్ సాఫ్ట్‌వేరును ప్యాకేజీలుగా కట్టి పంచసాగినారు. ప్రతి ప్యాకేజీతోను ఒక చీటీ వంటిది ఉండును. అందు దాని పేరు, ఎన్నవ కూర్పు, తోడుగా ఏవి కావలెను అను వివరములుండును. తొలిరోజులలో, తోడు లేనిచో యంత్రము "ఫలానాది లేదు" అని చెప్పి ఊరకుండెడిది. దానిని వెదకి తెచ్చిన, దానికి మరియొకటి కావలెను! 1999 మార్చిలో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ అను సాధనము ఈ బాధ తగ్గించినది. అది భాండాగారముల పట్టికలు చూచి, చీటీలను గొలుసుగా చదివి, అన్నింటిని తానే తెచ్చి వరుసగా అమర్చును.

దొరుకుట సరే, పొసగుట మాటయేమి? 'క'కు 'గ' మొదటి కూర్పే కావలెను, 'చ'కు రెండవదే కావలెను, యంత్రములో 'గ' ఒక్కటే ఉండవలెను. అప్పుడు 'క' యొక్క వేరొక కూర్పును వెదకవలసి వచ్చును. ఇరువది ప్యాకేజీలకు రెండేసి కూర్పులున్నచో ఎంపికలు 10,48,576! ఒక తర్కవాక్యములోని అంశములకు సత్యాసత్యములను నింపి వాక్యమంతయు సత్యము చేయగలమా అను ప్రశ్న ఎంత కఠినమో 1971లో స్టీఫెన్ కుక్ చూపినాడు. ప్యాకేజీల ఎంపికయు అంత కఠినమేనని 2006లో ఐరోపా పరిశోధకులు ప్రకటించినారు. అన్ని సందర్భములందును త్వరగా తేల్చు పద్ధతి నేటికిని తెలియదు. ఆచరణలో మాత్రము చాలవరకు క్షణములలో తేలుచున్నది. ఇది ఒక వింతయే.

మరి తోడు మాయమైనచో? 2016 మార్చి 22న ఒక రచయిత, ప్యాకేజీ పేరును గూర్చిన తగవుతో, ఎన్‌పీఎం భాండాగారమునుండి తన ప్యాకేజీలన్నింటిని తీసివేసినాడు. వానిలో లెఫ్ట్‌ప్యాడ్ కేవలము 11 పంక్తులది. అక్షరముల వరుసకు ఎడమవైపు ఖాళీలు చేర్చుటయే దాని పని. తోడుకు తోడుగా దానిని వాడు ప్రోగ్రాములు వేలకొలది. వానిని కూర్చుట ఒక్కసారిగా ఆగిపోయినది. సుమారు రెండు గంటలలో దానిని తిరిగి ఉంచినారు. పిమ్మట, ఇతరులు ఆధారపడు ప్యాకేజీని 24 గంటలు దాటిన తరువాత రచయిత తనంతట తొలగింపరాదని నియమము చేసినారు. నేడు కొన్ని సంస్థలు తమకు కావలసిన ప్యాకేజీల నకళ్లను, ఎడ్సాక్ వారి వలెనే, తమయొద్దనే ఉంచుకొనుచున్నవి.