కిర్రు చెప్పులు, రబ్బరు చెప్పులు, నా బొటనవేలు

బస్సులో అందరికంటే ముందు ముసలివయ్యేవి కండక్టరు కాళ్లు. ఖమ్మం నుంచి తిరుమలాయపాలెం మీదుగా వరంగల్ పోయే రోడ్డు మీద ఉద్యోగమంతా నిలబడి టికెట్లు కొట్టినవాణ్ణి, ఈ మాట అనే హక్కు నాకుంది. కుడికాలి బొటనవేలు మొదట్లో కీలు అరిగిపోయింది. డాక్టరు చీటీ మీద హాలక్స్ రిజిడస్ అని రాసి, ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు. ఎముకల మధ్య ఉండాల్సిన సందు లేదు. పైన ఎముక కొసదేలి పెరిగింది. మడమ లేచిన ప్రతిసారీ ఆ కీలు అరవై డిగ్రీల దాకా పైకి వంగాలట. నాది వంగదు, వంగబోతే ప్రాణం పోతుంది. "మెత్తటి చెప్పులొక్కటే సరిపోవండీ, మీకు కావాల్సింది వంగని అడుగు. ముందు కొస కాస్త పైకి లేచి ఉండాలి" అన్నాడు.

అలాంటి చెప్పులు మా తాత చేసేవాడు. వాటిని కిర్రు చెప్పులనేవారు.

మాది లంద, అంటే తోళ్లు పదును పెట్టే తొట్టి, ఉన్న ఇల్లు. చచ్చిన గొడ్డు తోలు ముందు సున్నపు నీళ్లలో నానాలి. వెంట్రుకలు వదులయ్యాక గీకాలి. తరవాత తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలు దంచి పోసిన లందలో వారాల తరబడి ఉండాలి. కరక్కాయలు భద్రాచలం అడవుల సరుకు. ఆ వాసనకు ఊరు మమ్మల్ని అనని మాట లేదు. అదే లందలోంచి వచ్చిన తోలుతో మోట బొక్కెన కుడితేనే ఊరి బావుల్లో నీళ్లు పైకొచ్చేవి. దాని గురించి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

చెప్పులు కుట్టించుకునే మనిషిని తాత తోలు మీద నిలబెట్టి, పాదం చుట్టూ బొగ్గుతో గీసేవాడు. రెండు కాళ్లూ వేరువేరుగా గీసేవాడు, ఒక కాలి కొలతతో రెండోది కోయడం ఆయనకు పాపం. రంపెతో కోసి, పొర మీద పొర పేర్చి, గూటంతో అణగగొట్టి, ఆరెతో పొడిచి తోలు వారుతో బిగించేవాడు. బొటనవేలికి ఉంగటం. కొస పైకి తిప్పి ఎండబెట్టేవాడు. కొత్తలో ఆ చెప్పులు కరిచేవి. ఆముదం పట్టించి కొన్నాళ్లు తొడిగితేగానీ దారికి వచ్చేవి కావు. కానీ అడుగు మాత్రం వంగేది కాదు. మనిషి నడుస్తుంటే మడమ దగ్గర పడ్డ బరువు ఆ లేచిన కొస మీదుగా ముందుకు దొర్లిపోయేది. ఇవాళ ఎముకల డాక్టర్లు రాకర్ అడుగు అని రాసిచ్చేది దీన్నే.

తాతకు కీళ్లవాతం వైద్యం తెలుసని నేను గొప్పలు పోను. తుమ్మముల్లు దిగకూడదని ఆయన తోలు అంత మందంగా వేశాడు. ముల్లు కోసం చేసింది కీలుకు కూడా పనికొచ్చింది. చెక్కలతో పదును పెట్టిన తోలు గట్టిపడుతుంది, అడుగుకు అదే కావాలి. తరవాత వచ్చిన క్రోమియం పద్ధతిలో వారాల పని రోజుల్లో తేలిపోతుంది. ఆ తోలు మెత్తన, సాగుతుంది. అది చెప్పు పైభాగానికి బాగుంటుంది గానీ అడుగుకు అంత పనికిరాదు.

ఆ చెప్పులు ఎవరి కాళ్లకు పోయాయన్నది మరో సంగతి. నిజాం కాలంలో దేశ్‌ముఖ్‌లకు, పటేళ్లకు చెప్పులూ తోలు సామానూ వెట్టి కిందే ఇవ్వాలి. మిగతా రైతులు కల్లం దగ్గర గింజలు కొలిచేవారు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి జాబితాలో ఇది కూడా చేరింది. దొర గడీ ముందు మావాళ్లు కాళ్లకు చెప్పులతో నడవకూడదు, ఉంటే చేతబట్టుకోవాలి. కుట్టిన చెప్పులు చంకన పెట్టుకుని ఒట్టికాళ్లతో వెళ్లి అప్పజెప్పి వచ్చేవాడు తాత. ఆయన మడమలు చీలి, వేళ్లు విచ్చుకుపోయి ఉండేవి. రాత్రిపూట జిల్లేడాకుకు ఆముదం రాసి, దీపం సెగకు వెచ్చబెట్టి కట్టుకునేవాడు.

ఆ కట్టు వైద్యం మా వైపు ఇప్పటికీ పోలేదు. మా అమ్మ వావిలాకు మరగబెట్టిన నీళ్లలో పాదాలు పెట్టించేది. బాలింతలకు పోసినా, కీళ్లు పట్టేసినోళ్లకు పోసినా ఆ నీళ్లే. వేడి వల్ల సుఖం నిజమే, నేనూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకున్నాకే లేచి నడుస్తాను. ముష్టి గింజల దగ్గర మాత్రం జాగ్రత్త. భద్రాచలం అడవిలో గుండ్రంగా, పలచగా, నూగుతో మెరిసే ఆ గింజలను కోయవాళ్లు ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. ఆయుర్వేదంలో వాతానికి వాడేముందు వాటిని పాలలో, నేతిలో శుద్ధి చేస్తారు. శుద్ధి లేకుండా తింటే అందులోని స్ట్రిక్నిన్ మనిషిని చంపేస్తుంది. ఎవరో చెప్పారని అరగదీసుకు మింగే పని కాదు.

కరెంటు మోటార్లు రాగానే మోట పోయింది. మోట పోయాక లంద ఎండిపోయింది. గొడ్ల తోళ్లు వ్యాపారుల లారీలెక్కాయి. హవాయి చెప్పులొచ్చి మా నాయన చేతి పనిని కూర్చోబెట్టాయి. తేలిక, చవక, తడిసినా ఫరవాలేదు. అడుగు మాత్రం చేత్తో రెండుగా మడిచేయొచ్చు, బొటనవేలి కీలు అరిగినవాడికి అంతకన్నా చెడ్డది లేదు.

ఊరంతా కాళ్ల సంగతి మాట్లాడుకున్న ఏడు 2006. చికున్‌గున్యా వచ్చింది. 1964-65 ప్రాంతంలో విశాఖ, కాకినాడ, రాజమండ్రిలను పట్టి వెళ్లిపోయిన జబ్బే, మళ్లీ దిగింది. ఆ ఏడు దేశంలో లెక్కకెక్కిన అనుమానిత కేసులే 14 లక్షలకు దగ్గర. జ్వరం వారంలో పోయేది, చీలమండలూ పాదాలూ మాత్రం నెలల తరబడి పట్టేసేవి. నా బస్సు ఫుట్‌బోర్డు ఎక్కలేక, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కేవాళ్లు. ఆర్ఎంపీల సూదులకు పొద్దున్నుంచే వరస. సూది నొప్పిని చల్లారుస్తుంది నిజమే. ఆ మందులు మూత్రపిండాలకూ కడుపుకూ చేసే చెరుపు తరవాత తెలుస్తుంది.

అప్పుడే మా వైపు చాలామంది నోట ఎంసీఆర్ చెప్పుల మాట మొదటిసారి విన్నాను. వీటి పుట్టుక వేలూరు. కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. కుష్ఠు రోగుల వేళ్లు జబ్బుతో కుళ్లి రాలిపోతాయని అప్పటిదాకా అందరి నమ్మకం. మన డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి పెట్టిన నాటికీ అదే నమ్మకం. బ్రాండ్ రోగుల వెంట ఉండి గమనించి తేల్చింది వేరు. వాళ్లకు నొప్పి తెలియదు, అందుకే రాయి గుచ్చినా, మేకు దిగినా అదే కాలితో నడుస్తారు, పుండ్లు అలా పడతాయి. వాళ్ల కోసం ఆయనా, 1955లో మొదలైన కరిగిరి ఆసుపత్రిలోని సహచరులూ మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎంసీఆర్) పరుపు వేసి, కింద ముల్లు దిగని గట్టి రబ్బరు వేసి, మేకు అన్నదే లేకుండా చెప్పులు చేయించారు. పుండు పడ్డ పాదాలకు వంగని రాకర్ అడుగులూ వేశారు. నొప్పే తెలియని కాళ్ల కోసం పుట్టిన చెప్పు, నొప్పి తప్ప మరేమీ తెలియని నా కాలికి సరిపోయింది.

అయితే ఆ పుట్టుక వల్లే మావాళ్లు చాలాకాలం వాటిని ముట్టుకోలేదు. ప్రభుత్వం కుష్ఠు రోగులకు ఊరికే ఇచ్చే చెప్పులవి. తొడుక్కుంటే ఊరు ఏమనుకుంటుందో అన్న భయం. మా మేనత్త కాళ్లు వాచి గడప దాటలేని రోజుల్లో కూడా "నాకా జబ్బుందా ఏందిరా?" అని విసిరికొట్టింది. అంటరాని పని చేసిన ఇంట్లో పుట్టిన ఆడమనిషికే ఇంకొకరిని అంటరానివాళ్లుగా చూడటం ఎలా వచ్చిందో అని నాకిప్పటికీ కోపమే.

ఇప్పుడవే చెప్పులు షుగరు చెప్పులని, డాక్టరు చెప్పులని రంగురంగుల్లో దుకాణాలకెక్కాయి. ఖమ్మంలో రోడ్డు పక్క కుట్టే పిల్లవాడొకడు నాకు కావలసినట్టు మార్చి ఇస్తాడు. పైన ఎంసీఆర్ పరుపు, మధ్యలో వంగని రేకు, కింద గట్టి రబ్బరు, కొస పైకి. వేళ్ల దగ్గర వెడల్పు. బిగుతు చెప్పు పైన పెరిగిన ఎముకను ఒరుసుకుంటుంది మరి. వీటిని తొడుక్కోమని మా అత్తకు నచ్చజెప్పలేకపోయానంటే నవ్వాడు. "పేరు మార్చిన్రు మామా, సరుకు అదే" అని, రేకుకు వేరే డబ్బులవుతాయన్నాడు. కాళ్లు రెండూ వేరువేరుగా గీయమన్నాను. అందుకు ఇంకో యాభై అడిగాడు.