పోయినవారితో పేచీ: నాగభూషణ్ పట్నాయక్ మరణం, గుణుపురం సరిహద్దు

కొండజాతి సవరల గురించి రాసినవారికి శ్రీకాకుళ నక్సలైటు పోరాటం పట్టలేదు. శ్రీకాకుళ పోరాటం గురించి రాసినవారికి సవరలు కావలసింది తలల లెక్కకే. ఈ రెండు రకాల పుస్తకాలూ ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని గుణుపురం దగ్గర ఒకదానికొకటి ఎదురుపడతాయి, ఎదురుపడగానే రెండూ మొహం తిప్పుకుంటాయి. ఈ వ్యాసం అది చూసిన విసుగులోంచి పుట్టింది. జనాన్ని రెండుగా చీల్చిన మనిషి పోయినప్పుడు ఆయన్ని పొగడడం ఒక దారి, ఊరుకోవడం ఇంకో దారి. ఈ సరిహద్దు జనం మూడో పని చేశారనీ, పోయినవాడితోనే తగువు పెట్టుకున్నారనీ, ఆ తగువుకు తర్ఫీదు కొండమీద దొరికిందనీ నా వాదం.

ఆ మనిషి నాగభూషణ్ పట్నాయక్. గుణుపురం ప్రాంతం ఆయనది, వృత్తి వకీలు. శ్రీకాకుళ పోరాటంలోకి దిగి 1969లో అరెస్టయ్యారు, ఆ అక్టోబరులోనే విశాఖ జైలునుంచి తప్పించుకున్నారు, 1970లో మళ్లీ దొరికారు. ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష అడగనని మొండికేశారు. శిక్ష యావజ్జీవమైంది, 1980ల మొదట్లో అనారోగ్యం వల్ల బయటికి వచ్చారు. ఆ తర్వాత వినోద్ మిశ్రా నడిపిన లిబరేషన్ పార్టీలో ఉండి, దాని బహిరంగ వేదిక ఇండియన్ పీపుల్స్ ఫ్రంట్‌కు అధ్యక్షత వహించి, ఒకప్పుడు బహిష్కరించమన్న ఎన్నికల బాటనే పట్టారు. 1998 అక్టోబరు 9న చెన్నైలో మూత్రపిండాల జబ్బుతో పోయారు. పోలీసు కాగితాల్లో హంతకుడు, తుపాకీ దించనివాళ్ల దృష్టిలో దారి తప్పినవాడు, సొంత పార్టీకి చెక్కుచెదరని కామ్రేడు, గుణుపురం బజారుకు మన వకీలుగారు. ఇన్ని తీర్పులు ఒకే శవం మీద వాలితే ఏం జరుగుతుంది?

దీనికి మన దగ్గర తయారుగా ఒక జవాబుంది. ఎవరి పార్టీ ప్రకారం వాళ్లు ఏడుస్తారు. సొంతవాళ్లు జోహార్లు చెబుతారు, చీలిపోయినవాళ్లు ముక్తసరిగా ఒక మాట అంటారు, సర్కారు ఫైలు మూసేస్తుంది. ఇది తప్పని అనను, చాలదంటాను. సుమంత బెనర్జీ 1980లో వేసిన నక్సల్బరీ చరిత్రలో బరువంతా 1967–72 మీద ఉంది గనక, ఆ తర్వాత తెలుగులో రాసినవాళ్లు కూడా చావులన్నీ ఆ ఐదేళ్లలోనే అయిపోయినట్టు రాశారు. 1998 ఎవరి పుస్తకంలోనూ ఇమడదు.

తెలుగు విప్లవ జ్ఞాపకానికి నెత్తుటి చావును మోసే పద్ధతులు బాగా తెలుసు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తూ లేవిడి దగ్గర భూస్వాముల తూటాలకు పడిపోయిన కోరన్న, మంగన్న. 1969 మేలో పంచాది కృష్ణమూర్తి. ఆ డిసెంబరులో రంగమటియా కొండల్లో సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల. 1970 జులై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. వీళ్లకు స్తూపముంది, వర్ధంతి ఉంది, బుర్రకథ ఉంది. పాణిగ్రాహి తానే జముకుల కథ చెప్పి జనాన్ని కూడగట్టినవాడు కాబట్టి ఆయన చావు కూడా కథలోకి సులువుగా వెళ్లిపోయింది. కానీ ఆసుపత్రి మంచం మీద పోయినవాడికి స్తూపం మీద ఏ గీత గీయాలి? తాను కట్టిన పార్టీయే బయటికి పంపిన కొండపల్లి సీతారామయ్య 2002 ఏప్రిల్‌లో విజయవాడలో పోయినప్పుడూ ఇదే తడబాటు. భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు, వాళ్ల జ్ఞాపకంలో సందేహం లేదు. అదే ఉరితాడు దాకా వెళ్లి వెనక్కి వచ్చి, ఇంకో ఇరవై ఏళ్లకు పైగా బతికి, మనసు మార్చుకున్నవాడి సంగతే చిక్కు. నా దృష్టిలో నాగభూషణ్ కోసం జనం ఏడవవలసిన ఏడుపులో సగం 1970లోనే, తీర్పు విన్న రోజునే, ఏడ్చేశారు. 1998లో మిగిలింది మాట్లాడవలసిన మాటలు.

ఆ మాటలు ఎలా మాట్లాడాలో తెలిసినవాళ్లు పక్కనే ఉన్నారు.

గిడుగు రామమూర్తిగారు సవర భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. వెరియర్ ఎల్విన్ 1955లో సవర మతం మీద పెద్ద గ్రంథం వేశారు. వీటి గురించి ఇక్కడ కొత్తగా చెప్పేదేమీ లేదు. నా పేచీ పియర్స్ విటెబ్స్కీతో. చచ్చినవాళ్లతో సవరలు జరిపే సంభాషణల మీద ఆయన 1993లో వెలువరించిన పుస్తకం ఈ రంగంలో అందరూ మొక్కే విగ్రహం. మొక్కదగినదే. ఎవరు ఎలా పోయారన్నదాన్ని బట్టే పోయాక వాళ్ల చోటు నిర్ణయమవుతుందని అందులో విడమరిచి చూపించారు. పులి వాత పడ్డవాళ్లది ఒక చోటు, మశూచితో పోయినవాళ్లది మరో చోటు. పోయినవాడు సోనుమ్ అనే ఆత్మ అవుతాడు, తన జబ్బునే బతికున్నవాళ్లకు అంటిస్తాడు. అందుకని వాణ్ణి పిలిచి మాట్లాడాలి.

పిలిచే తీరు చూడదగ్గది. పూనకం పట్టే మనిషి, ఎక్కువగా ఆడమనిషి, కాళ్లు ముందుకు చాపి నేలమీద కూర్చుంటుంది. ఆమె ఆత్మ కింది లోకానికి దిగిందంటే ఒళ్లు కొయ్యబారిపోతుంది, పక్కనున్నవాళ్లు ఆమె మోకాళ్లు వంచి, పిడికిళ్లు విప్పాలి. ఆ తర్వాత ఆమె నోట పోయినవాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తారు. దాహమంటారు, కల్లు పోయమంటారు. దున్నపోతును కొయ్యలేదేమని నిష్ఠూరమాడతారు. చుట్టూ చేరినవాళ్లు చేతులు కట్టుకుని వింటూ కూర్చోరు. ఎదురు అడుగుతారు, తప్పు నీదేనంటారు, ఏడుస్తారు, మధ్యలో ఎకసెక్కమాడి నవ్విస్తారు కూడా. ఒక్క రోజుతో తేలేది కాదు, ఏళ్లు పడుతుంది. మాటలు నడిచినకొద్దీ పోయినవాడి కోపం చల్లారుతుంది, చివరికి తన పేరును ఇంట్లో పుట్టిన బిడ్డకిచ్చి కాపుకాస్తాడు. ఊరవతల వాడికొక రాయి నిలబెడతారు, ఆ తంతును గువార్ అంటారు. ఆ రాయిమీద అక్షరం ఉండదు.

ఇంత చక్కటి సరంజామా చేతిలో పెట్టుకుని విటెబ్స్కీ దాన్ని ఇంటి గడప దాటనివ్వలేదు. తల్లి, బిడ్డ, పెళ్లాం, అప్పు, జబ్బు, ఇంతే ఆయన లోకం. సవర పద్ధతిని ఫ్రాయిడ్ చెప్పిన శోకంతో పోల్చి, ఇక్కడ పోయినవాణ్ణి మరిచిపోవడం కాదు, మాటల్లో ఉంచుకోవడమే వైద్యమని తేల్చారు. బాగుంది. అయితే ఆయన ఆ కొండలకు తొలిసారి వెళ్లింది 1970ల నడుమ. అప్పటికి సత్యం మాస్టారు పోయి అయిదేళ్లు. వంశధారకు అటూ ఇటూ పోలీసు క్యాంపులు, కూంబింగులు, ఎన్‌కౌంటర్లు నడిచి వెళ్లిన దేశం అది. షావుకారూ అమీనూ ఆయన పుస్తకంలో లేరని కాదు, ఉన్నారు, అయితే వాళ్లు బతుకు వెనక తెరలాగే మిగిలారు. చంపినవాడూ చచ్చినవాడూ ఒకే ఊరివాళ్లయినప్పుడు పూనకంలో ఎవరు ఎవర్ని నిలదీశారన్న ప్రశ్న ఆ పుస్తకం అడగదు. మనోవిజ్ఞానానికి ఇచ్చినన్ని పేజీల్లో పదోవంతు శ్రీకాకుళ పోరాట నాయకులమీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసుకు ఇచ్చి ఉంటే ఈ వ్యాసంతో పనుండేది కాదు.

ఇక నేను చూసినది. గుణుపురం కోర్టు చుట్టుపక్కల టీ బడ్డీల దగ్గరా, ఇవతల పార్వతీపురం, కురుపాం, గుమ్మలక్ష్మీపురం సంతల్లోనూ నాగభూషణ్ పేరెత్తితే మాట ఒకే వరసలో నడుస్తుంది. ముందు గౌరవం. ఆయనగారు, వకీలుగారు, క్షమాభిక్ష అడగలేదు. ఇక్కడిదాకా ఎవరైనా అంటారు. కాసేపటికి గొంతు మారుతుంది, చెప్పేవాడు నా మీంచి చూపు తిప్పి, పోయినాయన ఎదురుగా ఉన్నట్టు నువ్వు అనడం మొదలెడతాడు. ఉరితాడుకు బెదరనివాడివి ఓట్ల పెట్టెకెలా వంగావని ఒకాయన అడిగారు. నువ్వు వంగితే వంగావు, మా తమ్ముణ్ణి కొండెక్కించినప్పుడు ఈ సంగతి ముందే తెలియదా అని ఇంకొకాయన, చాలాసేపు. ఆయన ఒరియా ఇంటివాడు, కోపమంతా తెలుగులో వెళ్లగక్కారు. ఆ తర్వాత లేచి టీ డబ్బులు తానే ఇచ్చి, వకీలుగారు మా ఇంటి మనిషండీ అన్నారు. ఇందులో నిందా ఉంది, చుట్టరికమూ ఉంది, ఒకటి లేకుండా రెండోది లేదు. పరాయివాడు పోతే ఇంత తగువెవరు పడతారు?

ఈ ఒరియా–తెలుగు కలగలుపు ఇక్కడ వింత కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా కోరాపుట్, రాయగడ, గుణుపురం అన్నీ మద్రాసు రాజధానిలో విశాఖ ఏజెన్సీ. 1992లో కోరాపుట్‌ను చీల్చి రాయగడ జిల్లా చేశారు. గీతలు మారాయి, సంతలు మారలేదు. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే రైల్లో నేటికీ రెండు భాషల గొడవలూ ఒకే పెట్టెలో వినిపిస్తాయి. భువనేశ్వర్ నుంచి రాసినవారికి నాగభూషణ్ ఒరియా విప్లవకారుడు, హైదరాబాద్ నుంచి రాసినవారికి శ్రీకాకుళ నాయకుడు. ఇద్దరూ ఆయన్ని తమవాడిగా చెప్పుకుంటూనే, ఆయనతో పోట్లాడే హక్కును గుణుపురానికి వదిలేశారు.

నా వాదానికి నేను అన్నిటికన్నా ఎక్కువ బరువిచ్చేది 1972 నాటి బహిరంగ లేఖకు. విశాఖ జైల్లోంచి ఆరుగురు సంతకం పెట్టారు: కానూ సన్యాల్, చౌదరి తేజేశ్వరరావు, సౌరెన్ బోస్, కొల్లా వెంకయ్య, భువన్ మోహన్ పట్నాయక్, నాగభూషణ్ పట్నాయక్. సౌరెన్ బోస్ చైనా వెళ్లి చౌ ఎన్‌లై దగ్గర విని వచ్చిన విమర్శను బయటపెట్టి, వర్గశత్రు నిర్మూలన పంథాను తప్పుపట్టారు. ఆ పంథాను నడిపిన పార్టీ నాయకుడు చారు మజుందార్ ఆ ఏడాదే జులై 28న పోలీసు కస్టడీలో పోయారు. ఈ లేఖను సిద్ధాంత పత్రంగానే చదివారు అందరూ. దాన్ని గుణుపురంలో కూర్చుని చదివితే వేరేగా వినిపిస్తుంది. సంతకాల్లో రెండు పట్నాయకులవి. ఆ లేఖ చారు బాబును వదులుకోదు, నిలదీస్తుంది. నాయకుడి లెక్క తప్పిందని చెబుతూనే ఆయన పెట్టిన పార్టీలో నిలబడుతుంది. ఆ తర్వాతి ఏళ్లలో నాగభూషణ్ చేరిన లిబరేషన్ కూడా ఇదే చేసింది. పంథాలో చాలాభాగం మార్చుకుంది, చారు పటాన్ని గోడమీంచి దించలేదు. ఇది బెంగాలీ మధ్యతరగతి మర్యాద కాదు, మార్క్సిస్టు ఆత్మవిమర్శ ఒక్కటే కూడా కాదు. పోయినవాడితో మాట తెంచుకోకూడదన్న కొండ న్యాయం జైలు గోడల్లోకి చేరిందని చెప్పడానికి నేను వెనకాడను. కొండల కేసులు వాదించిన వకీలు చెవిన ఆ న్యాయం పడకుండా ఎలా ఉంటుంది?

నాగభూషణ్ సవర కాదనీ, టీ బడ్డీల్లో మాట్లాడినవారిలోనూ సవరలు తక్కువేననీ, సవరల్లో చాలామంది ఎప్పుడో బాప్టిస్టు చర్చిలో చేరి ఆ పూనకాలు మానేశారనీ ఎవరైనా అనవచ్చు, అది నిజమే. ఈ నిలదీత ఒడిశా కొండల్లో అంతటా లేదన్నదీ నిజమే: 2008 ఆగస్టు 23న కంధమాల్ జలేస్‌పటాలో హిందూ స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగాక రేగిన మంటల్లో ఇలాంటి సంభాషణ ఛాయలేమీ లేవు.

అయినా ఒక పద్ధతి దాన్ని పాటించిన తెగతోనే చచ్చిపోదు. విటెబ్స్కీ 2017లో రాసిన రెండో పుస్తకం, చచ్చినవాళ్లతో మాటలు ఆగిపోయాక సవరల బతుకెలా మారిందో చెబుతుంది. పూనకం పోయింది సరే. పూనకం నేర్పిన నిలదీత సంతలోకీ కోర్టు వరండాలోకీ, తెలుగూ ఒరియా మాట్లాడే కింది ఊళ్లలోకీ దిగివచ్చిందని నా నమ్మకం. ఉత్తరాంధ్ర చావు ఇళ్లలో పెద్దకర్మ రోజున తాగి వచ్చి పోయినాయన్ని పేరుపెట్టి తిట్టే బావమరుదులు కూడా ఈ వరసలోవాళ్లేనేమో చూడాలి.

తేలవలసింది ఇంకొకటుంది. నాగభూషణ్ పోయిన రెండు నెలలకే, 1998 డిసెంబరు 18న, వినోద్ మిశ్రా లక్నోలో పోయారు. అదే పార్టీ, అదే పంథా మార్పు, అలాగే తూటా తగలని చావు. కానీ ఆ పార్టీకి పట్టున్న బిహార్ భోజ్‌పూర్ మైదానంలో సవర కొండలు లేవు. అక్కడివాళ్లు మిశ్రాను పొగిడారా, ఊరుకున్నారా, నువ్వు అని పిలిచి నిలదీశారా అన్నది భోజ్‌పురి తెలిసినవారెవరైనా ఆరా చుట్టుపక్కల పల్లెల్లో కూర్చుని వినాలి. నిలదీశారని తేలితే నా వాదంలో కొండ వాటాను తగ్గించుకోవలసి వస్తుంది.