కపిల ఎద్దులు

మన సభ్యుల్లో మెట్ట ప్రాంతాల నుండి వచ్చినవారికి కపిల గురించి చెప్పనక్కరలేదు. కానీ ఈ సంచిక ఇంట్లో పిల్లలు కూడా చదువుతారు కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అనంతపురం జిల్లాలో కపిల అన్నదాన్నే తెలంగాణలో మోట అంటారు. తోలు తొండం ఉన్న పెద్ద బానను మోకుతో బావిలోకి దించి, ఎద్దుల జతతో లాగించేవారు. బావి గట్టు నుండి కిందికి వాలుగా ఉన్న దారిలో ఎద్దులు దిగుతుంటే బాన పైకి వచ్చేది. తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువూ కలిపేవాడు. నీళ్లు తొండం గుండా తొట్టిలో పడేవి.

అసలు విద్య ఆ తర్వాతది. ఎద్దులు మొహం తిప్పకుండా, అడుగడుగూ వెనక్కి వేస్తూ గట్టెక్కాలి. పశువుకు అది సహజమైన నడక కాదు. అందుకే కొత్త కోడెను ఆరితేరిన ఎద్దు పక్కన కట్టి, పగ్గం మెల్లగా బిగిస్తూ నేర్పేవారు. వెనక ఉన్నది బావి. బెదిరిన ఎద్దుకూ మనిషికీ ఇద్దరికీ ప్రమాదమే. కోడెను కొట్టి నేర్పడం మా నాయనకు గిట్టేది కాదు.

1876–78 ధాత కరువు తర్వాత, 1880 నాటి కరువు కమిషన్ సిఫార్సుల మీద, ప్రభుత్వం తక్కావి రుణాలకు చట్టాలు చేసింది. బావి తవ్వకానికి 1883 చట్టం, ఎద్దుల కొనుగోలుకు 1884 చట్టం. ఎద్దులు లేకుండా ఆ బావి ఏం చేసుకోవాలో గాని, ఫైళ్లు మాత్రం రెండు! తాలూకా కచేరీలో గుమాస్తాగా నేనూ ఆ రెండు రకాల కాగితాలూ రాశాను.

మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు 1900 తర్వాత ఆయిల్ ఇంజన్లతో నీళ్లు తోడించే ప్రయత్నాలు చేశారు. మా ఊరికి ఇంజన్లు రాలేదు, ఏకంగా కరెంటే వచ్చింది. 1966లో మా బావికి మోటారు బిగించారు. మర్నాడు తెల్లవారుజామున కట్టు విప్పగానే ఎద్దులు అలవాటు కొద్దీ వెళ్లి కపిల దారిలో నిలబడ్డాయి. రెండు నెలలకు నాయన వాటిని సంతలో అమ్మేశాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

పాత రోజులే బాగున్నాయని నేననను. ఎద్దుల మెడల మీద కాడి పుండ్లకు వేపనూనె రాసింది నేనే. అయితే ఒకటుంది. ఎండ ముదిరేసరికి ఎద్దులు అలిసిపోయేవి, కపిల ఆగేది, రాత్రికి బావి మళ్లీ ఊరేది. మోటారుకు అలుపు లేదు. బావిని రెండుసార్లు లోతు చేయించాం. ఆ పైన చుట్టూ బోర్లు పడ్డాయి, బావి ఎండిపోయింది. భూగర్భ జలాల కోసం 2002లో వాల్టా చట్టం వచ్చేనాటికి మా బావిలో కంపచెట్లు మొలిచి ఉన్నాయి.

మొన్న సంక్రాంతికి మనవణ్ణి తీసుకెళ్లి ఆ వాలు దారి చూపించాను. ఎద్దులు వెనక్కి ఎలా నడిచేవి తాతా అని అడిగాడు. నాలుగడుగులు నడిచి చూపించాను. ఐదో అడుగుకు మోకాళ్లు ఒప్పుకోలేదు.