పదిహేను వేల ఎనిమిది వందల పన్నెండు ఓట్లు

పొరుగు రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ల మధ్య ఎన్నికల ముందు ఒక వాదన తప్పకుండా లేస్తుంది. బడిలో తెలుగు నిలిస్తే చాలు, ఆ ఒక్క మాట మీద నిలబడిన స్వతంత్ర అభ్యర్థికే మన ఓటు అని ఒకరంటారు. అతనెలాగూ గెలవడు, మన ఓట్లు చీలి మనకు బొత్తిగా గిట్టనివాడు గెలుస్తాడు అని ఇంకొకరంటారు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా వాదన ఇదే. ఎప్పటికీ తేలదు, ఎందుకంటే ఇద్దరి దగ్గరా లెక్కలుండవు. లెక్కలు పూర్తిగా దొరికే పాత ఎన్నిక ఒకటుంది. అది మన దేశంలో జరిగింది కాదు. 1844లో అమెరికా అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నిక. ఒకే ఒక్క విషయం మీద పుట్టిన చిన్న పార్టీకి న్యూయార్క్ రాష్ట్రంలో పడిన 15,812 ఓట్లు ఆ దేశ చరిత్రను మలుపు తిప్పాయంటారు. ఆ మలుపు మంచికా చెడుకా అన్నదే తగవు.

ఆ ఒక్క విషయం బానిసత్వం. 1840 జనాభా లెక్కల్లో అమెరికాలో బానిసలు దాదాపు 25 లక్షల మంది. అప్పటి పెద్ద పార్టీలు రెండు, డెమొక్రాటిక్ పార్టీ, విగ్ పార్టీ. రెండింటికీ ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ బలం ఉంది కనుక రెండూ ఆ మాట ఎత్తకుండానే రోజులు వెళ్లబుచ్చేవి. ఎంతవరకూ వెళ్లాయంటే, బానిసత్వం మీద ప్రజలు పంపే అర్జీలను చర్చకు రానీయకుండా పక్కన పెట్టాలని ప్రతినిధుల సభ 1836లో ఒక నిబంధనే చేసుకుంది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆ సభలో మామూలు సభ్యుడిగా కూర్చుని ఎనిమిదేళ్లపాటు పోరాడితేగానీ 1844 డిసెంబరులో అది రద్దు కాలేదు.

అర్జీ పెట్టుకునే దారి కూడా మూసేశాక, ఇక ఓటు తప్ప మార్గం లేదనుకున్నవాళ్లు 1840లో లిబర్టీ పార్టీ పెట్టారు. అభ్యర్థి జేమ్స్ బర్నీ. ఈయన కథ చెప్పుకోదగ్గది. కెంటకీలో 1792లో పుట్టాడు, అలబామాలో పత్తి తోట పెట్టాడు, బానిసల్ని కొన్నాడు, అమ్మాడు. నలభై ఏళ్లు దాటాక మనసు మారి, 1834లో తన దగ్గర మిగిలిన బానిసలకు విముక్తి ఇచ్చేశాడు. సిన్సినాటిలో పత్రిక నడిపితే 1836లో అల్లరిమూక ప్రెస్సును పగలగొట్టి ఒహాయో నదిలో పారేసింది. 1840 ఎన్నిక ప్రచారం జరుగుతుంటే అభ్యర్థిగారు లండన్‌లో బానిసత్వ వ్యతిరేక మహాసభలో ఉన్నారు! దేశం మొత్తం మీద వచ్చినవి సుమారు ఏడు వేల ఓట్లు. ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగేళ్లు తిరిగేసరికి పరిస్థితి వేరు. మెక్సికో నుంచి విడిపోయిన టెక్సస్‌ను అమెరికాలో కలుపుకోవాలా వద్దా అన్నది దేశం ముందున్న ప్రశ్న. కలుపుకుంటే బానిసత్వానికి ఇంకో పెద్ద రాష్ట్రం దక్కుతుంది, మెక్సికోతో యుద్ధం కూడా రావచ్చు. డెమొక్రాటిక్ అభ్యర్థి జేమ్స్ పోక్ కలుపుకోవలసిందే అన్నాడు. విగ్ అభ్యర్థి హెన్రీ క్లే ఏప్రిల్‌లో ఒక బహిరంగ లేఖ రాసి ఇప్పుడు వద్దన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. దక్షిణాదిలో ఓట్లు జారుతున్నాయని జులైలో అలబామావాళ్లకు మళ్లీ ఉత్తరాలు రాశాడు. యుద్ధం లేకుండా, అందరి సమ్మతితో, గౌరవంగా జరిగేట్టయితే టెక్సస్ వచ్చినందుకు తనకూ సంతోషమేననీ, ఈ విషయంలోకి బానిసత్వాన్ని లాగనక్కర్లేదనీ వాటి సారాంశం. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం అంటే ఇదే. పైగా పోక్ బానిసల యజమాని, క్లే కూడా బానిసల యజమానే. ఈ ఇద్దరికీ ఎదురుగా మళ్లీ బర్నీ నిలబడ్డాడు.

ఇక లెక్కలు. న్యూయార్క్‌లో పోక్‌కు 2,37,588, క్లేకు 2,32,482, బర్నీకి 15,812. తేడా 5,106 మాత్రమే. ఎక్కువ ఓట్లు వచ్చినవాడికి ఆ రాష్ట్రపు 36 ఎలక్టరు ఓట్లూ గుత్తగా పోతాయి. దేశం మొత్తం మీద పోక్‌కు వచ్చిన ఎలక్టరు ఓట్లు 170, క్లేకు 105. ఆ 36 ఇటు నుంచి అటు మారిస్తే క్లే 141, పోక్ 134. అంటే న్యూయార్క్‌లో బర్నీకి ఓటు వేసినవాళ్లలో మూడోవంతు మంది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే 5,107 మంది, క్లేకు వేసి ఉంటే అధ్యక్షుడు క్లే. మిచిగన్‌లోనూ బర్నీ ఓట్లు తేడాను మించే ఉన్నాయిగానీ, అక్కడివి అయిదు ఎలక్టరు ఓట్లే కనుక ఫలితం మారదు.

కూడికలు తీసివేతలు నిజమే. కానీ బర్నీ లేకపోతే ఆ ఓట్లన్నీ క్లే పెట్టెలోనే పడేవని ఎలా అనగలం? కొందరు పాత డెమొక్రాట్లు. కొందరు ఇంట్లోనే కూర్చునేవాళ్లు. అప్పట్లో ఓటు చీటీని ప్రభుత్వం అచ్చు వేసేది కాదు. ఏ పార్టీ చీటీ ఆ పార్టీయే అచ్చు వేయించి పంచేది, దాన్ని అందరి ఎదుటా తీసుకెళ్లి పెట్టెలో వేయాలి. ఇరుగుపొరుగు చూస్తుండగా లిబర్టీ చీటీ పట్టుకుని నడిచిన మనిషి అంత తేలిగ్గా అటూ ఇటూ అయ్యే రకం కాదు. అదీగాక న్యూయార్క్‌లో డెమొక్రాట్లు గవర్నరు పదవికి సైలస్ రైట్ అనే జనాదరణ ఉన్న నాయకుణ్ణి నిలబెట్టారు, ఆయన బలం పోక్‌కు కలిసొచ్చింది. కొత్తగా వచ్చిన కాథలిక్ వలసదారులు విగ్ పార్టీ అంటే జంకారు. ఓడిన పార్టీ ఇవన్నీ వదిలేసి బర్నీనే తిట్టింది. గెలవనివాణ్ణి తిడితే అడిగేవాడుండడు.

తిట్టినవాళ్లలో ఒకరి మాట మాత్రం తీసిపారేయలేం. ఇలినాయిలో విగ్ పార్టీకి పనిచేస్తున్న ముప్ఫై ఆరేళ్ల వకీలు, పేరు అబ్రహాం లింకన్. 1845 అక్టోబరు 3న విలియమ్సన్ డర్లీ అనే లిబర్టీ పక్షపు మిత్రుడికి ఉత్తరం రాశాడు. న్యూయార్క్‌లోని మీవాళ్లు మాతో కలిసి ఉంటే క్లే అధ్యక్షుడయ్యేవాడు, టెక్సస్ కలిసేది కాదు, ఇద్దరికీ కావలసింది ఇద్దరం పోగొట్టుకున్నాం అన్నాడు. మంచి కోసమైనా చెడ్డపని చేయరాదు, బానిసల యజమానికి ఓటు వేయడం చెడ్డపని అని లిబర్టీవాళ్ల వాదన. దానికి లింకన్ జవాబు సూటిగా ఉంటుంది. చెట్టును పండుతో పోల్చుకోవాలి గదా, క్లేను ఎన్నుకోవడమనే చెట్టుకు బానిసత్వం వ్యాపించకుండా ఆపడమనే పండు కాసేట్టయితే ఆ చెట్టు చెడ్డదెలా అవుతుంది? అని.

లిబర్టీవాళ్ల దగ్గరా జవాబు లేకపోలేదు. క్లే టెక్సస్‌ను ఆపుతాడన్న నమ్మకమేది, జులై ఉత్తరాలు చదివాక? మన ఓట్లు ఎలాగూ తమవేనని ఒక పార్టీకి తెలిసిపోయాక ఆ పార్టీ మనకు బాకీ పడేదేమిటి? ఈ రెండో ప్రశ్న చాలా బలమైనది. కానీ బర్నీ ఇంకో అడుగు ముందుకేశాడు. ఇద్దరిలో పోక్ కంటే క్లే గెలవడమే ఎక్కువ చేటు, ఎందుకంటే క్లే సమర్థుడు అన్నాడు. అసమర్థుడు పోక్ గెలిస్తే అంత నష్టం లేదని! ఈ అంచనా ఎంత తప్పో నాలుగేళ్లలో తేలింది. అమెరికా అధ్యక్షుల్లో అనుకున్నది అనుకున్నట్టు చేసినవాళ్ల పేర్లు చెప్పమంటే చరిత్రకారులు పోక్ పేరు ముందే చెబుతారు.

ఈ వాదనలో మూడో పక్షం కూడా ఉంది. గారిసన్ అనే బోస్టన్ పత్రికాధిపతి, అసలు బానిసత్వాన్ని ఒప్పుకున్న రాజ్యాంగం కింద ఓటు వేయడమే పాపమన్నాడు. 2013 నుంచి మన దగ్గర ఉన్న నోటా మీటకు ఆయన్ని పూర్వీకుడనుకోవచ్చు. నాలుగో పక్షం ఒహాయో నుంచి ఎన్నికైన జాషువా గిడ్డింగ్స్‌ది. ఆయన విగ్ పార్టీలో ఉంటూనే బానిసత్వాన్ని ఎదిరించాడు. 1842లో సభ ఆయన్ని అభిశంసిస్తే రాజీనామా చేసి, అదే ప్రజల ముందుకెళ్లి మళ్లీ గెలిచి వచ్చాడు. 1844లో క్లే తరఫున తిరిగాడు.

ఏం జరిగిందో చూద్దాం. ఎన్నిక ఫలితాన్నే ప్రజాతీర్పుగా చూపించి, పోక్ గద్దె ఎక్కకముందే, 1845 మార్చి 1న టెక్సస్ తీర్మానం మీద సంతకం అయిపోయింది. సెనేట్‌లో అది నెగ్గింది 27కు 25తో. డిసెంబరులో టెక్సస్ బానిసత్వ రాష్ట్రంగా చేరింది. 1846 మేలో మెక్సికోతో యుద్ధం. 1848 ఒప్పందంలో మెక్సికో అయిదు లక్షల చదరపు మైళ్లకు పైగా భూమిని వదులుకుంది. అమెరికా పక్షాన చచ్చినవాళ్లే పదమూడు వేల మంది, ఎక్కువమంది జబ్బులతో. 1840లో 25 లక్షలున్న బానిసలు 1860 నాటికి 39 లక్షలు దాటారు.

ఈ నష్టం ఎవరికి? ఓటు వేసిన 15,812 మందికి కాదు. టెక్సస్ పత్తి పొలాలకు తోలుకెళ్లిన నల్లవాళ్లకు, మెక్సికో పల్లెలకు. న్యూయార్క్‌లో స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లలో కూడా 250 డాలర్ల ఆస్తి ఉన్న మగవాళ్లకే ఓటు. తెల్లవాళ్లకు ఆ షరతు లేదు. ఎవరి కోసమని ఓటు వేశారో, వాళ్లను అడిగి వేసిన ఓటు కాదది. నాకు ఈ ఎన్నికలో అన్నిటికంటే మింగుడుపడని సంగతి ఇదే. అందుచేత 1844 నవంబరు వరకే చూస్తే నేను లింకన్ వైపు ఉంటాను. బానిసత్వం అనే పెద్ద విషయంలో ఇద్దరు అభ్యర్థులూ ఒకటే కావచ్చు. కానీ ఆ ఏడు దేశం ముందుకు వచ్చిన కాగితం టెక్సస్ కాగితం. దానిమీద ఇద్దరి మధ్యా తేడా ఉంది, గోరంతైనా ఉంది.

అయితే ఖాతా ముగించే తేదీ మార్చితే లాభనష్టాలు మారిపోతాయి. వృత్తిరీత్యా ఇది నాకు బాగా తెలిసిన సంగతి. అదే లిబర్టీ ఓటు రెండేళ్లలో న్యూహాంప్‌షైర్‌లో వేరేలా పనిచేసింది. ఆ రాష్ట్రంలో సగానికి మించి ఓట్లు వస్తేనే గెలుపు. ఎవరికీ రాకపోతే గవర్నరును శాసనసభే ఎన్నుకుంటుంది. టెక్సస్‌ను వ్యతిరేకించినందుకు డెమొక్రాట్లు వెళ్లగొట్టిన జాన్ హేల్ అక్కడున్నాడు. 1846లో ఎవరికీ సగం రాలేదు. లిబర్టీవాళ్లు, విగ్‌లు, హేల్ అనుచరులు బేరం కుదుర్చుకున్నారు. గవర్నరు పదవి విగ్‌లకు, సెనేట్ స్థానం హేల్‌కు. బానిసత్వాన్ని ఎదిరించే స్వతంత్రుడొకడు సెనేట్‌లో అడుగుపెట్టడానికి దారి అలా పడింది.

ఒహాయో సంగతి ఇంకా చూడదగ్గది. 1849లో అక్కడి శాసనసభలో డెమొక్రాట్లు, విగ్‌లు దాదాపు సమఉజ్జీలు. మధ్యలో ఏ పార్టీకీ కట్టుబడని ఇద్దరు సభ్యులు, టౌన్షెండ్, మోర్స్. ఇద్దరంటే ఇద్దరే! లిబర్టీ పార్టీలో పనిచేసిన సామన్ చేజ్‌ను సెనేట్‌కు పంపించారు. నల్లవాళ్లు ఆ రాష్ట్రంలో ఉండాలంటే పూచీపత్రం ఇవ్వాలనీ, తెల్లవాళ్ల మీద సాక్ష్యం చెప్పరాదనీ 1804, 1807లలో చేసిన చట్టాలను చాలావరకు రద్దు చేయించారు. నల్లవాళ్ల పిల్లలకు బడులు ఏర్పాటయ్యాయి, వేరే బడులే అయినా. న్యూయార్క్‌లో పదిహేను వేల మందికి దక్కనిది ఒహాయోలో ఇద్దరికి దక్కింది. కారణం వాళ్ల నిష్ఠ ఎక్కువ కావడం కాదు. ఓట్లు లెక్కించాక కూడా బేరమాడే చోటు వాళ్లకు మిగిలి ఉంది. అధ్యక్ష ఎన్నికలో పెట్టె మూశాక ఆ చోటు ఉండదు.

మన శాసనసభ, లోక్‌సభ స్థానాల పద్ధతి న్యూయార్క్ పద్ధతే, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే గెలుపు. కాబట్టి చిన్న భాషావర్గం అక్కడ ఒక్క విషయం మీద విడిగా నిలబడితే, ఆ విషయంలో పెద్ద పార్టీల మధ్య గోరంత తేడా కూడా లేదని ముందు రూఢి చేసుకోవాలి. పురపాలక సంఘంలో, పంచాయతీలో మాట వేరు. అక్కడ ఇద్దరు సభ్యులు చాలు, ఒహాయోలోలాగే. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని 350-ఎ అధికరణం 1956 నుంచి రాజ్యాంగంలో ఉంది. తమిళనాడు 2006లో తమిళ అభ్యసన చట్టం చేసింది. అది ఏటికి ఒక తరగతి చొప్పున పైకి వస్తూ పదో తరగతి పిల్లల్ని తాకడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో మన ఓట్లను ఎవరైనా బేరానికి అడిగారా, మనమైనా బేరం పెట్టామా అన్నది అక్కడి మిత్రులే చెప్పాలి.

తక్కిన కథ తొందరగా చెప్పుకోవచ్చు. 1848లో లిబర్టీవాళ్లలో చాలామంది ఫ్రీ సాయిల్ పార్టీలో కలిశారు. బానిసత్వాన్ని రద్దు చేయాలనడం మాని, కొత్త భూముల్లోకి రానివ్వకూడదు అన్న చిన్న కోరికకు దిగారు. ఓట్లు 62 వేల నుంచి 2,91,000కు పెరిగాయి. 1854లో రిపబ్లికన్ పార్టీ పుట్టింది, వీళ్లు దానిలో కలిశారు. బర్నీ 1845లో గుర్రం మీంచి పడి పక్షవాతంతో రాజకీయాలకు దూరమై 1857లో పోయాడు. 1860లో లింకన్ అధ్యక్షుడయ్యాడు. నాలుగు పార్టీలు పోటీపడిన ఆ ఎన్నికలో నూటికి నలభై ఓట్లయినా పూర్తిగా రాకుండానే గెలిచాడు.

ఆ 1860లో కూడా లిబర్టీ పార్టీ మిగిలే ఉంది, పిడికెడు మందితో. లింకన్ బానిసత్వాన్ని ఉన్నచోట ఉండనిస్తానంటున్నాడు కనుక అతనికి ఓటు వేయలేమని న్యూయార్క్‌కు చెందిన గెరిట్ స్మిత్‌ను నిలబెట్టారు. ఈసారి వాళ్లకు వచ్చిన ఓట్ల వల్ల ఏ రాష్ట్రంలోనూ ఫలితం మారలేదు.