కుంపిణీ తోటలో మన చెట్లు



పద్మనాభం కొండ మెట్లెక్కి స్వామిని సేవించుకునే మీకు 1794 జూలై 10 నాటి యుద్ధం సంగతి నేను చెప్పనక్కరలేదు. పేష్కషు బకాయిల తగాదాలో కుంపిణీ సైన్యం వచ్చి పడింది. విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ఇక్కడే నేలకొరిగాడు. ఆ కుంపిణీయే అంతకు కొన్నేళ్ల ముందునుంచీ ఈ సర్కారు సీమలో మరో పని కూడా చేయిస్తూ వుండేది. చెట్లు పెంచేది!

విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడుండేవాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. మన నేలలో ఉపయోగపడే మొక్కలన్నిటికీ బొమ్మలతో ఒక గ్రంథం వేయాలని 1785లో ఆయనే సూచించాడు. పని నెత్తికెత్తుకున్నవాడు మాత్రం సామర్లకోటలో వున్న మరో వైద్యుడు, విలియం రాక్స్‌బరో. 1781లో అక్కడికి వచ్చి తోట వేశాడు. మిరియం, నీలి వగైరాలు నాటి చూశాడు.

ఇది మన రైతు కోసం పెట్టిన తోట అనుకునేరు. కాదు. కుంపిణీకి కావలసింది సరుకు. మిరియాల తోట మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు గాని చివరికి అది దక్కలేదు. అయితే 1789 మొదలు 1792 దాకా సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చింది. అది చూసిన రాక్స్‌బరో, వాన తప్పినా నాలుగు ముద్దలు దొరికేలా దారుల పక్కన, కాలువగట్ల మీద కొబ్బరి, పనస, అరటి నాటించమని పైవాళ్లకు రాశాడు. ఆ మాట ఒక్కటీ నాకు బాగా నచ్చుతుంది. 1793లో ఆయన్ని కలకత్తా తోటకు పంపించారు.

ఆయన గ్రంథం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో లండనులో అచ్చయింది. బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. చెట్ల పేర్లు చెప్పింది మనవాళ్లే. సోమిద చెట్టునే చూడండి. దాని బెరడు జ్వరానికి సింకోనా బదులు పనికొస్తుందేమోనని పరీక్షించారు. ఆ చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన జాతిపేరు “సోయ్‌మిడా”, అచ్చం మన తెలుగు మాటే.

ఇక అంకుడు. దాని ఆకును వేడినీళ్లలో వేసి నీలిరంగు తీయవచ్చునని రాక్స్‌బరో చేసి చూపాడు. ఆ రంగు సంగతి ఇవాళ ఎవరికీ పట్టదు గాని, ఏటికొప్పాక లక్కబొమ్మలన్నీ ఆ కర్రతో చేసినవే. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొమ్మలకు గిరాకీ వుంటే సరిపోతుందా? కర్ర వుండాలి కదా! అడవిలో నరుక్కురావడమే గాని నాటేవాళ్లు తక్కువ.

మీ మెట్టచేను గట్టున నాలుగు అంకుడు మొక్కలు వేయదలుస్తే ఇట్లా చేయండి. కాయలు జంటగా, సన్నగా, కొసలు కలిసి వేలాడుతుంటాయి. ఎండి పగిలాయా, లోపలి గింజలు దూదికుచ్చులతో గాలికి ఎగిరిపోతాయి. రంగు తిరగగానే కోసి, నీడన గుడ్డ కప్పి ఆరబెట్టండి. కుచ్చు దులిపేసి మడిలో పలచగా చల్లి, పైన కాస్త మన్ను కప్పి రోజూ తడపండి. మొక్క నిలదొక్కుకున్నాక వానలు బాగా పట్టినప్పుడు గట్టుకు మార్చండి. మొదటి ఏడాది మేకల్ని దగ్గరకు రానీయకండి.