కుక్కతో కలిసి శ్రీశైలం కాలిబాట నడవొచ్చా? పాతబస్తీ నుంచి బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

చాంద్రాయణగుట్ట దాటి పహాడీ షరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్ మీదుగా సాగే రోడ్డే శ్రీశైలం హైవే. ఆ దారి వెళ్లే నల్లమలలో భక్తులు తరతరాలుగా నడుస్తున్న కాలిబాటలున్నాయి. ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం నుంచి నాగలూటి, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా సాగే బాట వాటిలో పేరున్నది. వారాంతానికి కొంత చొప్పున నడుద్దాం, పెంపుడు కుక్కనూ వెంట తీసుకెళ్దాం అనుకుంటున్నారా? అయితే నల్లమలను ఆ జాబితా నుంచి తీసేయండి.

ఎందుకు వద్దంటారు?

నల్లమల పులుల అభయారణ్యం. ఆంధ్ర వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం, తెలంగాణ వైపు అమ్రాబాద్. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం లోపలికి వెళ్లాలంటే మనుషులకే అనుమతి కావాలి. పెంపుడు జంతువులను రానివ్వరు. నగరంలోని కేబీఆర్ పార్కులోనూ ఇదే నియమం.

దీన్ని అధికారుల మొండితనం అనుకోవద్దు. కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరస్ అడవి జంతువులకూ సోకుతుంది. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో సింహాల మరణాలకు ఈ వైరస్ ఓ కారణం. ఇక చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. మెడకు గొలుసు ఉన్నంత మాత్రాన దాన్నుంచి కాపాడలేం. అమెరికాలో 3,500 కిలోమీటర్లకు పైగా సాగే అపలాచియన్ ట్రైల్‌పైనా గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు భాగంలో కుక్కలకు ప్రవేశం లేదు. అక్కడ విడతలవారీగా నడిచేవాళ్లు ఆ కొన్ని రోజులూ కుక్కను బోర్డింగ్‌లో వదిలి వెళ్తారు.

కుక్కను కారులో శ్రీశైలం తీసుకెళ్తుంటే అడవి మధ్యలో కిందికి దించకండి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూరు దగ్గర రాకపోకలు ఆపేస్తారు, దాన్నిబట్టి సమయం చూసుకోండి.

మరి ఎక్కడికి?

మూసీ పుట్టిన అనంతగిరి కొండలు మేలు. వికారాబాద్ పక్కనే ఉంటాయి. ఇది అభయారణ్యం కాదు, కానీ రిజర్వ్ ఫారెస్టే. కుక్కతో వస్తున్నామని ముందే అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. గేటు దగ్గర వాదించడం కన్నా ఒక ఫోన్ కాల్ తేలిక. తొలి విడత ఆరేడు కిలోమీటర్లు మించకుండా పెట్టుకోండి. వీధుల్లో రోజూ తిరిగే కుక్కే అయినా రాళ్ల బాటలో పాదాలు త్వరగా కోసుకుపోతాయి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఎండాకాలంలో మాత్రం వద్దు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి తగ్గించుకుంటుంది. అరచేతి వెనక భాగాన్ని నేలపై ఐదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్కనూ నడిపించొద్దు. నీళ్లు దాని వంతు విడిగా మోయాలి. కుంటల్లో నిలిచిన నీళ్లు తాగితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. ఇంటికి రాగానే చెవులు, వేళ్ల సందులు వెతికి గోమార్లు తీసేయాలి.

పత్రాలు, రైలు

కుక్కకు జీహెచ్ఎంసీ లైసెన్స్ ఉండాలి, అందుకు రేబిస్ టీకా పత్రం అడుగుతారు. డిస్టెంపర్, పార్వో, లెప్టో టీకాలూ వేయించి, ఆ కార్డు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.

దూరపు ట్రెక్కింగ్‌కు రైల్లో వెళ్తే స్లీపర్, త్రీ ఏసీల్లో కుక్కను ఎక్కించనివ్వరు. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీరే తీసుకోవాలి. లేదంటే బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్సే గతి. టికెట్, టీకా కార్డు, పశువైద్యుడి ఫిట్‌నెస్ పత్రంతో కాచిగూడ స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు రైలు సమయానికి చాలా ముందే వెళ్లి బుక్ చేయించాలి. బుక్ చేయకుండా ఎక్కిస్తే ఛార్జీకి కొన్ని రెట్లు వసూలు చేస్తారు. దారిలో తిండి, నీళ్లు మీ బాధ్యతే. మెట్రోలో పెంపుడు జంతువులకు అనుమతి లేదు కాబట్టి స్టేషన్ దాకా ఆటోనో కారో ముందే మాట్లాడుకోండి.